అమెరికాలో మహిళా, మైనారిటీ నిర్మాణ సంస్థలను ఆన్‌లైన్ డైరెక్టరీలో వెతికి పట్టుకోవడం ఎలా

“మీ మెయిల్ బుధవారం సాయంత్రం నాలుగున్నరకు వచ్చింది. బిడ్ గురువారం మధ్యాహ్నం రెండింటికి. నూట నలభై షీట్ల డ్రాయింగులు. ఒక్క రాత్రిలో నేను కేబుల్ ఎంత పడుతుందో కొలిచి, ప్యానెళ్లకు ధర తెప్పించుకుని, మీకు అంకె చెప్పాలా?”

ఫోన్‌లో నాతో ఈ మాట అన్నది ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు. ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. అప్పట్లో నేనొక జనరల్ కాంట్రాక్టర్ (పని మొత్తం ఒప్పుకునే ప్రధాన కాంట్రాక్టర్) దగ్గర ఎస్టిమేటర్‌ని, అంటే పనికి ఎంత ఖర్చవుతుందో అంచనా వేసే ఉద్యోగం. మహిళా, మైనారిటీ సంస్థల డైరెక్టరీ తెరిచి, ‘ఎలక్ట్రికల్’ అని కొట్టి, వచ్చిన పేర్లన్నిటికీ ఒకే మెయిల్ పంపేశాను. ‘మేం అందరినీ పిలిచాం’ అని ఫైల్లో పెట్టుకోవడానికి ఒక కాగితం తయారైంది, అంతే. పని ఇద్దామన్న ఉద్దేశం ఆ మెయిల్లో ఎక్కడా లేదని ఆవిడకు చూడగానే తెలిసిపోయింది.

డైరెక్టరీ తప్పేమీ లేదు. నేను దాన్ని తెరిచిన రోజు తప్పు. బిడ్‌కు ముందు రోజు తెరిస్తే ఎంత మంచి డైరెక్టరీ అయినా ఫోన్ నంబర్ల పట్టికే. డ్రాయింగులు సగంలో ఉండగా తెరిస్తే, మీకు ఇంతవరకూ పరిచయం లేని మంచి సంస్థ ఒకటి అందులో దొరుకుతుంది. జనరల్ కాంట్రాక్టర్ల దగ్గర పనిచేసేవాళ్లకూ, సొంతంగా భవనం కట్టించుకుంటున్న గుడి, బడి, క్లినిక్ కమిటీలవాళ్లకూ, చిన్న డెవలపర్లకూ పనికొచ్చేలా ఆ పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ఈ జాబితాలు ఎందుకు పుట్టాయి

కట్టుబడి పనిలో అవకాశాలు పరిచయాల దారిలోనే తిరుగుతాయి. జనరల్ కాంట్రాక్టర్ తనకు తెలిసిన నలుగురికే ఫోన్ చేస్తాడు, ఆ నలుగురూ తమకు తెలిసిన నలుగురికి చేస్తారు. ఆ వలయంలో లేనివాడికి పని ఉందన్న కబురే అందదు. వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్ నగరంలో అప్పట్లో జనాభాలో సగం నల్లజాతివారు. కానీ 1978 నుంచి 1983 వరకు ఆ నగరం ఇచ్చిన ప్రధాన కాంట్రాక్టుల్లో మైనారిటీ సంస్థలకు దక్కింది 0.67 శాతం. ప్రధాన కాంట్రాక్టు విలువలో కనీసం 30 శాతం వాళ్లకు సబ్‌కాంట్రాక్టులుగా ఇవ్వాలని నగరం నియమం పెడితే, 1989లో క్రోసన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వివక్ష జరిగిందని అంకెలతో, ఆధారాలతో నిరూపించకుండా జాతి ప్రాతిపదికన కోటా పెట్టడం కుదరదంది. ఇప్పటికీ ఈ రంగంలో ప్రతి నియమం వెనకా ఆ తీర్పు నీడ ఉంది.

డిజైన్ వైపూ ఇదే కథ. 1968లో పోర్ట్‌లాండ్‌లో జరిగిన అమెరికన్ ఆర్కిటెక్టుల సంస్థ ఏఐఏ మహాసభలో పౌరహక్కుల నాయకుడు విట్నీ యంగ్, ఆ వృత్తి మౌనంగా ఉండిపోయిందని వాళ్ల ముఖం మీదే చెప్పాడు. మూడేళ్ల తర్వాత, 1971లో, డెట్రాయిట్‌లో 12 మంది నల్లజాతి ఆర్కిటెక్టులు కలిసి మైనారిటీ ఆర్కిటెక్టుల జాతీయ సంస్థ నోమా స్థాపించారు. అంతకు ముందే, 1969లో, మైనారిటీ కాంట్రాక్టర్ల జాతీయ సంఘం ఎన్‌ఏఎంసీ మొదలైంది. నిర్మాణ రంగంలోని మహిళల సంఘం నావిక్ ఇంకా పాతది: 1953లో టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో 16 మంది మహిళలు పెట్టుకున్నారు. మీరు ఈరోజు వెతికే జాబితాల్లో కొన్ని ఇలాంటి సంఘాల సభ్యుల పట్టీలుగా మొదలైనవే.

మొదటి అడుగు: డబ్బు ఎవరిదో తేల్చుకోండి

చాలామంది ఇది వదిలేసి నేరుగా వెతుకులాట మొదలుపెడతారు. తీరా బిడ్ ఇచ్చాక ‘ఈ సంస్థకున్న మహిళా, మైనారిటీ సర్టిఫికెట్ మా ప్రాజెక్టుకు చెల్లదు’ అన్న జవాబు వస్తుంది. ఏ డైరెక్టరీ తెరవాలో నిర్ణయించేది డబ్బు.

రోడ్డు, వంతెన, విమానాశ్రయం, బస్ డిపో లాంటివాటిలో ఫెడరల్ రవాణా శాఖ డబ్బు ఉంటే చూడాల్సింది డీబీఈ, అంటే డిసడ్వాంటేజ్డ్ బిజినెస్ ఎంటర్‌ప్రైజ్ (వెనకబడినవారిగా గుర్తించిన యజమానుల చిన్న సంస్థ), జాబితా. అది రాష్ట్రానికి ఒకటి ఉంటుంది. పక్క రాష్ట్రంలో డీబీఈ అయిన సంస్థ మీ రాష్ట్రం జాబితాలో లేకపోతే, డీబీఈ సంస్థలకు ఇంత పని ఇవ్వాలని మీ ప్రాజెక్టుకు పెట్టే లక్ష్యం లెక్కలోకి రాదు. ఫెడరల్ ప్రభుత్వం నేరుగా ఇచ్చే కాంట్రాక్టు అయితే ఎస్‌బీఏ, అంటే స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్, సర్టిఫికెట్లు చూడాలి. రాష్ట్రం, నగరం సొంత డబ్బు అయితే వాళ్ల సొంత జాబితా. న్యూయార్క్ రాష్ట్రానికి ఒకటుంది, న్యూయార్క్ నగరానికి వేరే ఒకటుంది, రెండూ ఒకటి కాదు. కాలిఫోర్నియాలో 1996లో ప్రజలు ఓటేసి తెచ్చిన 209వ ప్రతిపాదన వల్ల రాష్ట్ర కాంట్రాక్టుల్లో జాతి, లింగం చూసి ప్రాధాన్యం ఇవ్వకూడదు. అక్కడ చిన్న సంస్థలకూ, వైకల్యమున్న మాజీ సైనికుల సంస్థలకూ మాత్రమే రాష్ట్ర పథకాలున్నాయి.

ఇక్కడే ఒక తాజా సంగతి గుర్తుపెట్టుకోవాలి. 2025 అక్టోబరు 3న రవాణా శాఖ డీబీఈ నియమాలు మార్చింది. అంతకు ముందు మహిళలనూ, కొన్ని వర్గాలనూ వెనకబడినవారిగా ముందే భావించేవారు. మన భారత మూలాలవాళ్లు కూడా ‘ఉపఖండ ఏషియన్ అమెరికన్లు’ అనే పద్దు కింద అందులో ఉండేవారు. ఇప్పుడు ఆ భావన తీసేశారు. ప్రతి యజమానీ తనకు జరిగిన నష్టాన్ని తన సొంత వివరాలతో చూపించుకోవాలి. పాత సంస్థలన్నిటినీ తిరిగి పరిశీలించమన్నారు, ఆ పరిశీలన పూర్తయ్యేదాకా ఆయా రాష్ట్రాల్లో కాంట్రాక్టులకు డీబీఈ లక్ష్యాలు పెట్టకూడదన్నారు. కాబట్టి మీ కంప్యూటర్లో దాచుకున్న రెండేళ్ల కిందటి ఎక్సెల్ షీట్‌ను పక్కన పడేయండి. జాబితా ఎప్పుడూ తాజాది తెరవాలి.

మీది పూర్తిగా ప్రైవేటు ప్రాజెక్టా? ఏ డైరెక్టరీ అయినా వాడుకోవచ్చు. అయితే 1866 నాటి పౌరహక్కుల చట్టం ప్రైవేటు ఒప్పందాలకూ వర్తిస్తుంది. జాతి చూసి కాంట్రాక్టు ఇవ్వడం, జాతి చూసి నిరాకరించడం రెండూ ఇబ్బందే. నేను పాటించే పద్ధతి ఒకటే: డైరెక్టరీతో పిలుపు పెంచుతాను, ఎంపిక మాత్రం ధర, అర్హత, అనుభవం చూసే. పిలుపు అందరికీ వెళ్తుంది, కొత్తవాళ్లకు కూడా వెళ్తుంది. దీన్ని మించి ఏదైనా చేయాలనుకుంటే ముందు లాయర్‌ని అడగండి.

రెండో అడుగు: పనిని ముక్కలు చేసి కోడ్లు వేయండి

‘కన్‌స్ట్రక్షన్’ అని కొడితే వేల పేర్లు వస్తాయి, ఒక్కటీ ఉపయోగపడదు. డైరెక్టరీలకు అర్థమయ్యేది నైక్స్ కోడ్ అనే ఆరు అంకెల సంఖ్య. అమెరికా, కెనడా, మెక్సికో కలిసి వాడే పరిశ్రమల వర్గీకరణ అది.

రెండంతస్తుల క్లినిక్ కడుతున్నామనుకోండి. ఆర్కిటెక్టుకు 541310. స్ట్రక్చరల్, మెకానికల్ ఇంజినీర్లకు 541330. సర్వేకు 541370. మట్టి, కాంక్రీటు పరీక్షించే ల్యాబ్‌కు 541380. లోపలి అలంకరణకు 541410. చుట్టూ చెట్లూ దారులూ గీసే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుకు 541320. కట్టుబడిలోకి వస్తే, భవనం మొత్తం కట్టే జనరల్ కాంట్రాక్టర్ 236220. స్థలం చదును 238910, పునాది కాంక్రీటు 238110, స్టీలు నిలబెట్టడం 238120, రూఫింగ్ 238160, ఎలక్ట్రికల్ 238210, ప్లంబింగూ ఏసీ కలిపి 238220, డ్రైవాల్ (జిప్సం పలకల గోడలు) 238310, పెయింటింగ్ 238320.

ప్లంబింగూ ఏసీ ఒకే కోడ్ కిందకి రావడం చూశారా? 238220 కొడితే వచ్చే వంద పేర్లలో ఇళ్లకు వాటర్ హీటర్ బిగించేవాళ్లుంటారు, ఆసుపత్రికి చిల్లర్లు అనే పెద్ద ఏసీ యంత్రాలు పెట్టేవాళ్లుంటారు. కోడ్ ఒక్కటే నమ్ముకుంటే వడ్లూ ఊకా కలిసి వస్తాయి. అందుకే కోడ్‌తో వెతికాక, అదే జాబితాలో మాటలతో ఇంకోసారి వెతకాలి: ‘మెడికల్ గ్యాస్’, ‘డక్ట్‌వర్క్’, ‘కంట్రోల్స్’. ఒక్కో మాటకూ రెండు మూడు రూపాలు ప్రయత్నించండి. డ్రైవాల్‌ను ఒకరు ‘జిప్సం బోర్డు’ అని రాస్తారు, ఇంకొకరు ‘ఇంటీరియర్ పార్టిషన్స్’ అంటారు. సంస్థల వివరణలు రాసేది పగలంతా సైట్‌లో నిలబడి రాత్రి కూర్చుని ఫారం నింపిన యజమాని, అందరి మాటా ఒకలా ఉండదు.

మీ స్పెసిఫికేషన్లు మాస్టర్‌ఫార్మాట్ అనే నిర్మాణ పనుల వర్గీకరణ విభాగాల్లో ఉంటాయి: 03 కాంక్రీటు, 09 ఫినిషులు, 22 ప్లంబింగ్, 23 ఏసీ, 26 ఎలక్ట్రికల్. ఒక కాగితం మీద ఎడమ పక్క ఈ విభాగాలూ, కుడి పక్క నైక్స్ కోడ్లూ రాసుకుంటే పది నిమిషాల పని. ఏడాదంతా పనికొస్తుంది.

ముక్కలు చేసేటప్పుడే అసలు నిర్ణయం జరిగిపోతుంది. ‘ఫినిషులన్నీ ఒకే ప్యాకేజీ’ అని పెడితే డ్రైవాల్, సీలింగ్, పెయింట్, ఫ్లోరింగ్ అన్నీ మోయగల పెద్ద సబ్‌కాంట్రాక్టర్ మాత్రమే ముందుకొస్తాడు. ఎనిమిది మందితో పెయింటింగ్ చేసే సంస్థకు ఆ తలుపు మూసేసినట్టే. పెయింట్ విడిగా, ఫ్లోరింగ్ విడిగా పెట్టి చూడండి. సమన్వయం పని మీకు కొంచెం పెరుగుతుంది, ఒప్పుకుంటాను. కానీ డైరెక్టరీలో పేర్లు దొరకడం లేదని వాపోయేవాళ్లలో చాలామంది ప్యాకేజీని తామే పెద్దది చేసి కూర్చుని ఉంటారు.

మూడో అడుగు: ఏ డైరెక్టరీలో ఏముంటుందో తెలుసుకోండి

అన్ని జాబితాలకూ ఒకే విలువ ఉండదు. ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ పేరును ఎవరైనా తనిఖీ చేసి పెట్టారా, సంస్థే రాసుకుందా?

రాష్ట్రాల డీబీఈ జాబితాలో పేరు ఉందంటే ఒక అధికారి కాగితాలు చూసి, యజమానితో మాట్లాడి, కార్యాలయాన్ని చూసి పెట్టినట్టు. యజమానికి కనీసం 51 శాతం వాటా ఉండాలి, వ్యాపారాన్ని నడిపేది కూడా ఆ వ్యక్తే అయి ఉండాలి. ఎస్‌బీఏ వాళ్ల స్మాల్ బిజినెస్ సెర్చ్‌లో 8(ఎ) (వెనకబడిన యజమానుల చిన్న సంస్థలకు ఊతమిచ్చే పథకం), మహిళా యాజమాన్యం, హబ్‌జోన్, మాజీ సైనికుల సర్టిఫికెట్లు విడివిడిగా చూసుకోవచ్చు. 8(ఎ) పథకం తొమ్మిదేళ్లకు ముగుస్తుంది. ఎనిమిదో ఏట ఉన్న సంస్థ దగ్గర అనుభవం ఉంటుంది, కొత్త ప్రైవేటు ఖాతాదారుల కోసం చూపూ ఉంటుంది. అలాంటివాళ్లకు నేను ముందు ఫోన్ చేస్తాను. హబ్‌జోన్ అంటే జాతితో సంబంధం లేదు: ప్రధాన కార్యాలయం వెనకబడిన ప్రాంతంలో ఉండాలి, ఉద్యోగుల్లో కనీసం 35 శాతం అలాంటి ప్రాంతాల్లో నివసించాలి. అదే జాబితాలో కొన్ని వివరాలు మాత్రం సంస్థ సొంతంగా ప్రకటించుకున్నవి. ‘సర్టిఫైడ్’ అన్న మాట ఎక్కడ ఉందో, ‘సెల్ఫ్ సర్టిఫైడ్’ అన్న మాట ఎక్కడ ఉందో కళ్లు పెట్టి చూడండి.

ప్రైవేటు రంగంలో మైనారిటీ సంస్థలకు 1972లో మొదలైన ఎన్‌ఎంఎస్‌డీసీ, మహిళా సంస్థలకు 1997లో మొదలైన డబ్ల్యూబెంక్ సర్టిఫికెట్లు ఇస్తాయి. పెద్ద కార్పొరేట్ కంపెనీలు ఎక్కువగా ఇవే గుర్తిస్తాయి. వాటి పూర్తి జాబితా సభ్యులకే తెరుచుకుంటుంది, కాబట్టి చిన్న కమిటీలకు ప్రభుత్వ జాబితాలే దగ్గర దారి, పైగా ఉచితం.

ఆర్కిటెక్టుల కోసమైతే నోమా స్థానిక శాఖలనూ, సిన్సినాటి విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో మొదలైన ఆఫ్రికన్ అమెరికన్ ఆర్కిటెక్టుల డైరెక్టరీనీ వదలొద్దు. అమెరికాలో లైసెన్సున్న ఆర్కిటెక్టుల్లో నల్లజాతివారు దాదాపు 2 శాతమే. ఇంత తక్కువ మంది ఉన్నప్పుడు, ఉన్న ఒక్కొక్కరినీ పేరుపేరునా రాసిపెట్టిన జాబితాకు ఎంత విలువో వేరే చెప్పక్కర్లేదు. అందులో చాలామంది పెద్ద ఫర్మ్‌లలో ఉద్యోగులు, సొంత ఆఫీసు ఉన్నవాళ్లు కొందరే. లైసెన్సు వ్యక్తికి, సర్టిఫికెట్ సంస్థకు. ఆ తేడా మరవకండి.

నాలుగో అడుగు: వెతకండి, షీట్‌లోకి దించండి

ఎక్కువ డైరెక్టరీల్లో ఫలితాలను ఎక్సెల్‌గా దించుకునే బొత్తం ఉంటుంది. దించుకోండి. స్క్రీన్ మీద చూస్తూ పోతే మొదటి పేజీలో ఉన్న ‘ఏ’, ‘బీ’ అక్షరాలవాళ్లకే ఎప్పుడూ ఫోన్లు వెళ్తాయి. ‘డబ్ల్యూ’తో పేరు మొదలయ్యే ఒక కాంక్రీటు సంస్థ యజమాని ఈ మాట నాతో చెప్పేదాకా నాకు తట్టనే లేదు.

దూరం విషయంలో మరీ బిగించొద్దు. డ్రైవాల్ బృందం రోజూ రెండు గంటలు ప్రయాణం చేయలేదు, కానీ ఇంజినీరు ఎక్కడున్నా గీసి పంపగలడు, ఆ రాష్ట్రం లైసెన్సు ఉంటే చాలు. కొన్ని డైరెక్టరీల్లో ‘ఏ జిల్లాల్లో పనిచేస్తారు’ అన్న గడి విడిగా ఉంటుంది. ఆఫీసు చిరునామా కంటే ఆ గడే ముఖ్యం.

ఐదో అడుగు: ఒక ఎంట్రీని దగ్గరగా చదవండి

ఇలాంటి ఎంట్రీ ఒకటి ఉందనుకోండి. చట్టబద్ధమైన పేరు ఒకటి, వ్యాపారం పేరు వేరు. యజమానురాలి పేరు. సర్టిఫికెట్లు: డీబీఈ, మహిళా యాజమాన్యం. కోడ్లు: 238210 ఒక్కటే. వివరణ: ‘ఎలక్ట్రికల్, ఫైర్ అలారం, స్ట్రీట్ లైటింగ్.’ పునరుద్ధరణ తేదీ వచ్చే నెల.

రెండు పేర్లుంటే లైసెన్సు వెతకాల్సింది చట్టబద్ధమైన పేరుతో. ఒక్క కోడే ఉండటం మంచి గుర్తు, తన పని ఏదో తనకు తెలుసు. ఇరవై రెండు కోడ్లు రాసుకున్న ముగ్గురు మనుషుల సంస్థ కనిపిస్తే ‘వీటిలో మీ సొంత మనుషులతో చేసేవి ఏవి?’ అని అడగాల్సిందే. డీబీఈ లెక్కలో అయితే సంస్థకు ఏ పనికి సర్టిఫికెట్ ఉందో ఆ పనికి మాత్రమే లెక్క. ఎలక్ట్రికల్‌కు సర్టిఫికెట్ ఉన్న సంస్థ చేసిన ట్రాఫిక్ కంట్రోల్ పని లెక్కకు రాదు.

స్ట్రీట్ లైటింగ్ అని ఉంది కాబట్టి ఆవిడ నగరపాలక పనులు చేసి ఉంటారు. అంటే బాండ్ (పని పూర్తి చేస్తామన్న పూచీకత్తు), జీతాల రికార్డుల గోల ఆవిడకు కొత్త కాదు. ఫైర్ అలారం ఉంది, క్లినిక్‌కు పనికొస్తుంది. తేదీ వచ్చే నెల అన్నంత మాత్రాన కొట్టేయొద్దు. పునరుద్ధరణ ఎంతవరకు వచ్చిందో ఒక్క ఫోన్‌లో తేలుతుంది.

ఆరో అడుగు: నిజానిజాలు ఆరా తీయండి

సర్టిఫికెట్ చెప్పేది సంస్థ ఎవరి చేతిలో ఉందన్నది మాత్రమే. గోడ నిటారుగా కడతారా అన్నది దానికి తెలియదు. ఆ సంగతి మీరే చూసుకోవాలి, మిగతా అందరు సబ్‌లను ఎలా చూస్తారో అలాగే. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. కొత్త సంస్థ అనగానే రెట్టింపు కాగితాలు అడిగే అలవాటు ఉంటే మానుకోండి.

లైసెన్సు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో కాంట్రాక్టర్ల బోర్డు వాళ్ల సైట్‌లో నంబరు కొడితే లైసెన్సు తరగతి, 25,000 డాలర్ల బాండ్, కార్మికుల బీమా అన్నీ ఒకే చోట కనిపిస్తాయి. టెక్సాస్‌లో జనరల్ కాంట్రాక్టర్‌కు రాష్ట్ర లైసెన్సే లేదు, ఎలక్ట్రీషియన్లకూ ప్లంబర్లకూ ఏసీవాళ్లకూ మాత్రం ఉంది. కాబట్టి అక్కడ జనరల్ కాంట్రాక్టర్‌కు లైసెన్సు కనిపించలేదని అనుమానించక్కర్లేదు. ఆర్కిటెక్టులకు ప్రతి రాష్ట్రంలోనూ బోర్డు ఉంది.

బీమా కాగితం అకార్డ్ 25 అనే ఫారం మీద వస్తుంది. దాన్ని సంస్థ దగ్గర కాకుండా నేరుగా ఏజెంటు దగ్గర నుంచి తెప్పించుకోండి, కింద ఉన్న ఏజెంటు నంబరుకు ఫోన్ చేసి పాలసీ నడుస్తోందా అని అడగండి. ఆ పాలసీ రక్షణ మీకూ వర్తించేలా మీ పేరు చేర్చిన ఎండార్స్‌మెంటు, అంటే పాలసీకి జత చేసే కాగితం, విడిగా అడగాలి. సర్టిఫికెట్ మీద ఒక వాక్యం రాసినంత మాత్రాన హక్కు రాదు.

ఇక ముసుగు సంస్థలు. కాగితం మీద యజమాని ఒకరు, నడిపేది ఇంకొకరు. వీటివల్ల నిజాయితీగా పనిచేసే చిన్న సంస్థలకు జరిగే నష్టం నాకు చాలా బాధ కలిగిస్తుంది, అందుకే కాస్త గట్టిగా చెబుతాను. యజమాని ఎప్పుడూ ఫోన్‌లోకి రాకపోవడం, పరికరాలూ మనుషులూ ఇంకో పెద్ద సంస్థవే కావడం, ఇన్‌వాయిస్ మాత్రమే వీళ్ల పేరు మీద రావడం, ఇవి కనిపిస్తే ఆగండి. డీబీఈ నియమాల్లో దీనికో స్పష్టమైన గీత ఉంది: సంస్థ తన పనిని తానే చేయాలి, నడపాలి, పర్యవేక్షించాలి. సామాను ధరలో ఎంత డీబీఈ లక్ష్యం కింద లెక్కించాలన్నదానికీ నియమం ఉంది. డీబీఈ తయారీదారు దగ్గర కొంటే 100 శాతం, గోదాము పెట్టి అమ్మే డీలర్ దగ్గర కొంటే 60 శాతం, 2024 నుంచి వచ్చిన డిస్ట్రిబ్యూటర్ పద్దు కింద 40 శాతం లెక్కిస్తారు. మధ్యలో కాగితం మాత్రం మార్చేవాడికి దక్కేది అతని ఫీజు వరకే.

ఏడో అడుగు: ఫోన్ చేయండి

ముందు ఫోన్, ఆ తర్వాత మెయిల్. బిడ్‌కు కనీసం మూడు వారాల ముందు. పెద్ద ఆఫీసుల్లో బిడ్లు చూడటానికి ఒక మనిషి ఉంటాడు. చిన్న సంస్థలో ఆ మనిషే పొద్దున సైట్‌లో, మధ్యాహ్నం సామాను కోసం, సాయంత్రం జీతాల పనిలో ఉంటాడు. ఉదయం ఆరున్నరకో, సాయంత్రం నాలుగు దాటాకో చేస్తే దొరుకుతారు.

నేను చెప్పేది దాదాపు ఇలా ఉంటుంది: “నమస్కారమండీ, ఫలానా ఊళ్లో క్లినిక్ కడుతున్నాం. రాష్ట్ర డైరెక్టరీలో మీ పేరు చూశాను. ఎలక్ట్రికల్, ఫైర్ అలారం రెండూ కలిపి లేదా విడివిడిగా ఇవ్వచ్చు. మీకు సంబంధించినవి పదకొండు షీట్లు, అవే పంపుతాను. వచ్చే మంగళవారం సైట్ చూపిస్తాం. బాండ్ అక్కర్లేదు. డబ్బు ఓనర్ నుంచి వచ్చిన ఏడు రోజుల్లో ఇస్తాం. మీకు ఈ సైజు పని సరిపోతుందా?”

చివరి ప్రశ్న తప్పక అడగండి. ‘మాకు ఇది పెద్దది’ అనో, ‘వేసవి దాకా మనుషులు లేరు’ అనో నిజం చెబితే ఇద్దరికీ మేలు. ఆ జవాబునూ షీట్‌లో రాసుకోండి.

నూట నలభై షీట్లు పడేసి మీరే ఏరుకోండి అనొద్దు. వాళ్లకు కావాల్సినవి మీరు వేరు చేసి పంపితే మీకు గంట పడుతుంది, అవతల రెండు రాత్రులు మిగులుతాయి.

ఎనిమిదో అడుగు: బిడ్లు వచ్చాక

చిన్న సంస్థ అంకె ఎక్కువ వస్తే వెంటనే పక్కన పెట్టకండి. స్కోప్, అంటే ఆ ధరలో ఏ పనులు కలిపారో, చూడండి. ఒకరు తాత్కాలిక కరెంటు కలిపి ఉంటారు, ఇంకొకరు వదిలేసి ఉంటారు. అందరికీ ఒకే ప్రశ్నల పట్టిక పంపి, ఏం కలిసింది, ఏం కలవలేదు అని సరిచూశాకే పోల్చాలి. ఒకరి ధర ఇంకొకరికి చెప్పి తగ్గించమని అడగడం మాత్రం ఎన్నడూ చేయొద్దు. అలా చేసినవాళ్ల పేరు ఈ రంగంలో ఒక్క వారంలో ఊరంతా తిరుగుతుంది.

ధర పెరగడానికి కారణం తరచూ మన షరతులే. ప్రతి బిల్లులో పది శాతం చివరిదాకా ఆపి ఉంచుతామంటే, బ్యాంకు అప్పు మీద జీతాలిచ్చే సంస్థ ఆ వడ్డీని ధరలో కలుపుతుంది. ఆపే మొత్తాన్ని తగ్గించండి, లేదా ఎవరి పని ముగియగానే వాళ్లకు విడుదల చేయండి. బాండ్ తప్పనిసరి అయితే, ఎస్‌బీఏ హామీ పథకం ఉందని చెప్పండి. 2024 నుంచి 90 లక్షల డాలర్ల దాకా, ఫెడరల్ కాంట్రాక్టుల్లో కోటీ 40 లక్షల దాకా ఆ హామీ దొరుకుతుంది. బాండ్ ఏజెంటు దగ్గర ఒకసారి ‘లేదు’ అనిపించుకుని వదిలేసిన యజమానులు నాకు చాలామంది తారసపడ్డారు.

పని రానివాళ్లకు కూడా ఫోన్ చేసి, ఎక్కడ వెనకబడ్డారో చెప్పండి. పది నిమిషాలు పట్టదు.

తొమ్మిదో అడుగు: మీ సొంత జాబితా కట్టండి

ప్రభుత్వ డబ్బు ప్రాజెక్టుల్లో మీరు ఎవరిని, ఎప్పుడు, ఎలా పిలిచారో రికార్డు అడుగుతారు. ఫోన్ తేదీ, ఎవరు మాట్లాడారు, ఏం పంపారు, ఏం జవాబు వచ్చింది, ధర ఎంత, ఎందుకు ఇచ్చారు లేదా ఇవ్వలేదు అన్నీ అదే రోజు రాసేయండి. నెల తర్వాత గుర్తు తెచ్చుకుని రాసిన రికార్డు చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. నంబరు మారిపోయిన ఎంట్రీ కనిపిస్తే డైరెక్టరీ నడిపే ఆఫీసుకు ఒక మెయిల్ రాయండి. ఆ సంస్థకు మీరు చేసే ఉపకారం అది.

ఈ చదువరుల్లో సొంత సంస్థ ఉన్నవాళ్లుంటే మీకూ ఒక మాట: మీ ఎంట్రీని ఈ రాత్రే తెరిచి చూసుకోండి. వివరణలో ‘అన్ని రకాల పనులూ చేస్తాం’ అని ఉంటే తీసేసి, గత రెండేళ్లలో నిజంగా చేసిన నాలుగు పనులు, వాటి సైజు, మీ మనుషుల సంఖ్య రాయండి. నాలాంటివాళ్లు వెతికేది ఆ మాటలతోనే.

మొదట్లో చెప్పిన ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుకు తర్వాతి ప్రాజెక్టులో డ్రాయింగులు అరవై శాతం దగ్గరుండగానే ఫోన్ చేశాను. సైట్ చూడటానికి ఆవిడే వచ్చారు. ఎలక్ట్రికల్ గది కోసం గీసిన గోడ దగ్గర నిలబడి, ప్యానెల్ ముందు తలుపు తెరుచుకుంటే మనిషి నిలబడే చోటు మిగలదని టేపు పెట్టి చూపించారు. ఆర్కిటెక్టు ఆ గోడ జరిపారు. ఆ బిడ్‌లో ఆవిడ రెండో స్థానంలో నిలిచారు. స్విచ్‌గేర్ ధర దగ్గర తేడా వచ్చిందని చెప్పాను, నోట్ చేసుకున్నారు. ఆ తర్వాతి పని ఆవిడకే వచ్చింది.

నా షీట్‌లో చివరి గడి పేరు ‘మళ్లీ ఎప్పుడు ఫోన్ చేయాలి’. ఆవిడ పేరు ఎదురుగా అందులో రాసి ఉన్న తేదీ ఇప్పటికి ఆరుసార్లు మారింది.